సీనాయి పొద నుంచి సిలోయము నీళ్ళ దాకా

నవంబర్ 10, 2022. కైరో

ఆ నల్లరాతి ఫలకం ముందు నిలబడగానే అమ్మ చెప్పులు విప్పబోయింది. "అమ్మా, ఇది మందిరం కాదు, మ్యూజియం" అని చెయ్యి పట్టుకున్నాను. "ఇశ్రాయేలు పేరుందన్నావుగా" అంది.

ఉంది. మూడు మీటర్లకు పైగా ఎత్తున్న రాయి. నిండా బొమ్మల అక్షరాలు. క్రీస్తుపూర్వం 1208 ప్రాంతంలో ఫరో మెర్నెప్తా తన విజయాలను దాని మీద చెక్కించుకున్నాడు. 1896లో ఫ్లిండర్స్ పీట్రీ అనే పురావస్తువేత్త తవ్వి తీశాడు. కింది నుంచి రెండో వరసలో ఇశ్రాయేలు పేరు ఉంది. బైబిలు బయట ఆ పేరు కనిపించే అతి పాత చోటు ఇదే. మా గైడ్ చిన్న టార్చి వేసి చూపించాడు. మిగతా ఊళ్ళ పేర్ల పక్కన దేశం గుర్తు, ఈ పేరు పక్కన మాత్రం ఆడ, మగ బొమ్మలతో జనం గుర్తు. అప్పటికి వాళ్ళకు దేశం లేదన్నమాట. వాళ్ళను విత్తనం లేకుండా చేశానని ఫరో చెప్పుకున్నాడు.

"మరి పది తెగుళ్ళ సంగతి?" అంది అమ్మ. బానిసలుగా ఉన్న ఇశ్రాయేలీయులను మోషే విడిపించేటప్పుడు దేవుడు ఐగుప్తు, అంటే ఈజిప్టు, మీదికి తెగుళ్ళు పంపాడనీ, వాళ్ళు దాటడానికి సముద్రాన్ని చీల్చాడనీ బైబిలు చెప్తుంది. ఐగుప్తు రాతల్లో తెగుళ్ళూ లేవు, సముద్రం పాయలవడమూ లేదు. గైడ్ ఆ మాట గొంతు తగ్గించి చెప్పాడు. పెద్దావిడ మనసు నొచ్చుకుంటుందేమోనని అతని భయం.

నేను ఎందుకు వెళ్ళానో ఇక్కడే చెప్పాలి. తెనాలిలో హైస్కూల్లో సైన్సు చెప్తాను. ఆదివారం మా మందిరంలో సండేస్కూలు కూడా నాదే. చాలా ఏళ్ళ కిందట పిల్లలకు ఒక సంగతి చెప్పాను. మోషే తర్వాత ఇశ్రాయేలీయులను నడిపించిన యెహోషువ కోసం యుద్ధంలో సూర్యుడు ఆగాడని బైబిలు చెప్తుంది, ఆ రోజు తమ లెక్కల్లో తగ్గినట్టు నాసా కంప్యూటర్లు కనిపెట్టాయని. కరపత్రంలో చదివాను, ప్రసంగాల్లో విన్నాను, నమ్మి చెప్పాను. అది కల్పితం. అలాంటిదేమీ జరగలేదని నాసా వాళ్ళే చెప్పారు. ముందు వరసలో కూర్చునే ఒక అబ్బాయి ఇంజినీరింగ్‌కి వెళ్ళాక ఆ నిజం తెలుసుకుని నాకు ఫోన్ చేశాడు. "మీరు చెప్పారు కదా అని హాస్టల్లో అందరితో వాదించాను టీచర్" అన్నాడు. తర్వాత మందిరానికి రావడం మానేశాడు. అద్భుతం జరిగిందా లేదా అన్నదాని కంటే, అతనికి నేను అబద్ధం సాక్ష్యంగా ఇచ్చానన్న బాధే నన్ను ఎక్కువగా తొలిచింది. అందుకే 32 మంది బృందంలో ఒకరిగా వెళ్ళినా, ప్రతి చోటా నోటుబుక్కులో ఒకే ప్రశ్న రాసుకున్నాను: ఇక్కడ కంటికి కనిపించేది ఏమిటి?

మ్యూజియం నుంచి బయటికొచ్చి బస్సు ఆగిన వీధి అనుకుని వేరే వీధిలోకి వెళ్ళిపోయాం. అరగంట తిరిగాం. కొషరీ అమ్మే ఒక చిన్న హోటల్ అతను మమ్మల్ని కూర్చోబెట్టి ముందు మంచినీళ్ళిచ్చాడు. అన్నం, మసూర్ పప్పు, మాకరోని, శనగలు, పైన వేయించిన ఉల్లిపాయ, టమాటా పులుసు. ఒక గిన్నె ముప్పై పౌండ్లు, మన డబ్బుల్లో వంద దాకా. రెండు వారాల కిందటే వాళ్ళ పౌండు విలువ బాగా పడిపోయిందట, ధరలు రోజూ మారుతున్నాయని చెప్పాడు. అమ్మ సంచిలోంచి ఆవకాయ తీసి అతనికీ కాస్త వేసింది. తిని కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ ఇంకా కావాలని చెయ్యి చాపాడు. బస్సు దాకా అతని కొడుకే తీసుకొచ్చి దిగబెట్టాడు.

నవంబర్ 11. సూయజ్ దాటి సీనాయికి

షర్మ్ ఎల్ షేక్‌లో ప్రపంచ వాతావరణ సదస్సు జరుగుతోంది. అందువల్ల ఎడారి దారంతా చెక్‌పోస్టులే. పాస్‌పోర్టులు ఎన్నిసార్లు చూపించామో లెక్క తప్పింది.

కాలువ కింది సొరంగం దాటాక మోషే బావుల దగ్గర ఆగాం. చేదు నీళ్ళు తియ్యగా మారిన మారా ఇదేనని కొందరంటారు. ఈత చెట్లలాంటి ఖర్జూర చెట్ల మధ్య పాత బావులు. నీళ్ళు తాగేలా లేవు.

సెయింట్ కాథరీన్ ఊరికి చేరేసరికి చీకటి పడింది. ఎడారి తెగవాళ్ళైన బెదూయిన్ల ఇంట్లో భోజనం. బూడిదలో కాల్చిన రొట్టె, కోడి పులుసు, అన్నం. ఎడారిలో ఇశ్రాయేలీయులకు దేవుడు కురిపించాడని బైబిలు చెప్పే ఆహారం మన్నా. ఇంటాయన దగ్గర కూర్చుని దాని గురించి అడిగాను. ఆయన నవ్వి, ఇప్పుడు కాలం కాదు, వేసవి మొదట్లో రావాలన్నాడు. ఇక్కడి టామరిస్క్ చెట్లను ఒక రకం పొలుసు పురుగులు పీలుస్తాయి. అవి వదిలే తియ్యటి రసం ఎడారి పొడిగాలికి గట్టిపడి చిన్న గింజల్లా రాలుతుంది. ఎండెక్కితే చీమలు ఎత్తుకుపోతాయి, అందుకని పొద్దున్నే ఏరుకోవాలి. వాళ్ళు దాన్ని "మన్" అనే పిలుస్తారు. 1927లో హీబ్రూ విశ్వవిద్యాలయం నుంచి బోడెన్‌హైమర్, థియోడర్ అనే ఇద్దరు కీటక శాస్త్రవేత్తలు వచ్చి ఈ సంగతి తేల్చారు. మన వేపచెట్ల కింద, మామిడి ఆకుల మీద పురుగులు వదిలే జిగురు ఎలాంటిదో ఇదీ అలాంటిదే.

అక్కడితో ఆగితే లెక్క తేలిపోయినట్టు అనిపిస్తుంది. కానీ ఆ ప్రయాణం కథ ఉన్న బైబిలు పుస్తకం నిర్గమకాండం చెప్పేది ఆరు లక్షల మంది మగవాళ్ళు, వాళ్ళ కుటుంబాలు, నలభై ఏళ్ళు. చెట్ల మీద దొరికే ఈ కాస్తతో అంతమంది బతకడం సాధ్యం కాదు. 1967 తర్వాత ఇజ్రాయెల్ పురావస్తువేత్తలు సీనాయి ద్వీపకల్పాన్ని గాలించారు. అంతకంటే పాత కాలపు చిన్న చిన్న మజిలీలు కూడా దొరికాయి కానీ, ఇంత పెద్ద జనం నడిచిన ఆనవాలు దొరకలేదు. పుట్టినప్పటి నుంచి చదువుతున్న పుస్తకం గురించి ఇలా రాసుకోవడం నాకు తేలిక కాలేదు. అయినా రాసుకున్నాను.

నవంబర్ 12. కొండ, పొద, రాయి

రాత్రి ఒంటిగంటన్నరకు ఎక్కడం మొదలుపెట్టాం. అమ్మకు ఒంటె మాట్లాడాను. ఐదు వందలు అడిగి నాలుగు వందల పౌండ్లకు ఒప్పుకున్నాడు. పున్నమి వెళ్ళి నాలుగు రోజులు, వెన్నెల టార్చి అక్కర్లేనంతగా ఉంది. మేం ఇంటి నుంచి బయలుదేరే ముందు రోజే కార్తీక పౌర్ణమి. తెనాలిలో చంద్రుడు గ్రహణంతోనే పైకి వచ్చాడు. అదే చంద్రుడు ఇక్కడ కొండ మీద నిండుగా వెలుగుతుంటే కాసేపు ఎవరం మాట్లాడలేదు.

ఒంటెలు వెళ్ళే దారి ఒకచోట ఆగిపోతుంది. అక్కడి నుంచి 750 మెట్లు. మెట్లంటే ఎగుడుదిగుడు బండలు. అమ్మ కింద టీ కొట్లోనే ఆగిపోయింది, అద్దె దుప్పటి కప్పుకుని. యాభై పౌండ్లు. నేను 2285 మీటర్ల పైకి చేరి సూర్యోదయం చూశాను. ఎర్రటి గ్రానైటు కొండలు ఒకదాని వెనక ఒకటి. దేవుడు మోషేకు పది ఆజ్ఞలిచ్చిన కొండ ఇదేనని క్రైస్తవులు నాలుగో శతాబ్దం నుంచి చెప్పుకుంటూ వస్తున్నారు. రాయి మాత్రం ఏమీ చెప్పదు.

దిగేటప్పుడు బృందం నుంచి విడిపోయి పాత మెట్ల దారిలోకి వెళ్ళాను. 3750 మెట్లలో సగం దిగాక గాని తప్పు దారని తెలియలేదు. మోకాళ్ళు వణికిపోయాయి. అమ్మ నాకోసం అవతలి దారిలో ఎదురుచూస్తోంది. ఒక బెదూయిన్ కుర్రవాడు ఫోన్ చేసి వాళ్ళ మామయ్యతో కబురు పంపాడు. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు.

మఠం ఆరో శతాబ్దంలో జస్టీనియన్ చక్రవర్తి కట్టించినది. లోపల గోడ మీద నుంచి జడలు జడలుగా వేలాడే పొద. బ్లాక్‌బెర్రీ జాతి ముళ్ళపొద అది. దేవుడు మోషేతో మాట్లాడిన, మంటల్లో కాలని పొద ఇదేనని సాధువుల నమ్మకం. జనం ఆకులు తుంపుకుపోతున్నారని చుట్టూ కంచె వేశారు. అమ్మ కింద నుంచి చూస్తూ, "పచ్చగా ఉంది" అంది. అంతే అంది.

గేటు బయట పిల్లలు రాళ్ళు అమ్ముతున్నారు. పగలగొట్టిన రాతి మీద నల్లటి కొమ్మలు, రెమ్మలు, అచ్చం కాలిన పొద ముద్రలా. ఒకటి యాభై పౌండ్లు. మా బృందంలో చాలామంది కొన్నారు. పొద నీడ రాతి మీద పడిందని ఒక పెద్దాయన ప్రార్థన కూడా చేశారు. అది మాంగనీసు ఆక్సైడు. రాతి పగులులోకి మాంగనీసు కరిగిన నీళ్ళు ఇంకి, ఆరిపోయేటప్పుడు చెట్టు కొమ్మల్లా గడ్డకడుతుంది. చలికాలపు ఊళ్ళలో కిటికీ అద్దం మీద మంచు కట్టినట్టే. ఇలాంటివి లోకంలో చాలా చోట్ల దొరుకుతాయి. యాత్రికులు వందల ఏళ్ళుగా ఈ కొండ నుంచి వీటిని మోసుకెళ్తున్నారు. నేనూ ఒకటి కొన్నాను, క్లాసులో చూపించడానికి.

మధ్యాహ్నం నువేబా తీరం వెంట వెళ్తుంటే బస్సులో ఒకాయన ఫోన్ తీసి రథచక్రం ఫోటో అందరికీ చూపించాడు. ఇశ్రాయేలీయులను తరుముతూ మునిగిపోయిన ఫరో సైన్యానిదట, సముద్రం అడుగున పగడాలు పట్టిన చక్రమట. ఈ ఫోటోలు మన వాట్సాప్‌లలో కూడా తిరుగుతుంటాయి. రాన్ వయట్ అనే అమెరికన్ 1970ల చివర నుంచి ఈ మాట చెప్పాడు. కానీ ఏ పరిశోధకుడూ చేతిలోకి తీసుకుని పరీక్షించిన చక్రం ఒక్కటీ లేదు. పగడాలు గుండ్రంగా కూడా పెరుగుతాయి. అందులోనూ అక్కడ అఖాత మధ్యలో ఏడెనిమిది వందల మీటర్ల లోతు ఉంది.

మా పాస్టరు అయ్యగారు నా ముఖం చూసి, "చెప్పమ్మా" అన్నారు. లేచి నిలబడి చెప్పాను. గొంతు వణికింది. చక్రాల సంగతి నిజం కాదన్నాను. 2010లో కార్ల్ డ్రూస్, వెయ్‌చింగ్ హాన్ అనే శాస్త్రవేత్తలు కంప్యూటర్‌లో లెక్కగట్టి చూసిన సంగతి చెప్పాను. నైలు డెల్టా తూర్పు వైపు లోతు తక్కువ మడుగుల మీద గంటకు వంద కిలోమీటర్ల తూర్పుగాలి పన్నెండు గంటలు వీస్తే, నీళ్ళు పక్కకు తోసుకుపోయి నాలుగు గంటల పాటు నేల తేలుతుందని వాళ్ళ లెక్క. నిర్గమకాండంలో కూడా రాత్రంతా వీచిన తూర్పుగాలి అనే ఉంది. నేల వైపు నుంచి గాలి బలంగా వీస్తే తీరంలో నీళ్ళు వెనక్కి పోవడం నిజాంపట్నంలో మా మేనమామ కళ్ళారా చూశాడు. "అలా జరగడం సాధ్యమని మాత్రమే ఇది చెప్తుంది, జరిగిందని చెప్పదు" అని కూర్చున్నాను. ఫోటో చూపించినాయన నాతో రెండు రోజులు మాట్లాడలేదు.

నవంబర్ 13. ఉప్పు కొండ

మృత సముద్రం దక్షిణ కొసన సొదొమ కొండ. ఎనిమిది కిలోమీటర్ల పొడవున ఉప్పే కొండగా లేచింది. రోడ్డు మీద నుంచి తలెత్తి చూస్తే ఒక స్తంభం, తల, భుజాలు ఉన్నట్టే కనిపిస్తుంది. సొదొమ ఊరు నాశనమయ్యేటప్పుడు వెనక్కి చూసి ఉప్పు స్తంభమైందని బైబిలు చెప్పే, లోతు అనే అతని భార్య ఇదేనంటారు. వాన ఉప్పును కరిగిస్తుంది, గట్టి పొరలు మిగిలి ఇలా నిలబడతాయి. కొన్నేళ్ళకు అవీ పడిపోతాయి, ఇంకోటి లేస్తుంది. మొదటి శతాబ్దంలో యూదు చరిత్రకారుడు యోసేపస్ ఆ స్తంభాన్ని తాను చూశానని రాశాడు. ఆయన చూసింది ఇదే అయ్యే అవకాశం చాలా తక్కువ. కింద రాలిన ముక్క ఒకటి నాలుక మీద పెట్టుకున్నాను. ఉప్పే, కాస్త చేదుతో.

యొర్దాను అవతలి గట్టున ఒక పాత ఊరి దిబ్బ ఉంది. ఆకాశంలో ఉల్క పేలి ఆ ఊరు నాశనమైందనీ, సొదొమ కథకు అదే మూలం కావచ్చనీ 2021లో ఒక పరిశోధన పత్రం వచ్చింది. మన పేపర్లలో కూడా పెద్దగా వేశారు. ఆ పత్రంలోని ఫోటోలను మార్చిన గుర్తులు ఉన్నాయని ఇతర శాస్త్రవేత్తలు వెంటనే పట్టుకున్నారు. ఆ సంగతి మాత్రం ఎక్కువమందికి చేరలేదు.

నవంబర్ 14. యెరికో, యొర్దాను

యెరికోలో ఎండ మన మార్చి ఎండలా ఉంది. సముద్రమట్టానికి దాదాపు 250 మీటర్ల కింద ఉందీ ఊరు. దిబ్బ పేరు తెల్ ఎస్-సుల్తాన్. యెహోషువ జనం ఈ ఊరి చుట్టూ తిరిగి కేకలు వేస్తే గోడలు కూలాయని బైబిలు చెప్తుంది. మా బృందంలో పిల్లలు ఏడుసార్లు చుట్టూ తిరుగుదామన్నారు, ఒక్కసారికే అలిసిపోయారు.

చిన్నప్పటి నుంచి ఈ గోడలు కూలిన పాట పాడాను. ఇప్పుడు చూస్తున్నది తవ్విన కందకాలు. 1930లలో జాన్ గార్‌స్టాంగ్ తవ్వి, కూలిన గోడ దొరికింది, యెహోషువ కాలందే అన్నాడు. లోకమంతా సంతోషించింది. 1952 నుంచి 1958 వరకు కాథ్లీన్ కెన్యన్ ఇంకా జాగ్రత్తగా, పొర పొరా విడదీసి తవ్వింది. గార్‌స్టాంగ్ చూపించిన గోడ అతను అన్నదాని కంటే వెయ్యేళ్ళు పాతది. ఊరు తగలబడింది నిజమే, కానీ క్రీస్తుపూర్వం 1550 ప్రాంతంలో. యెహోషువ వచ్చే కాలానికి ఇక్కడ పెద్ద కోట ఊరు లేదు. 1990లో బ్రయంట్ వుడ్ కుండల ఆధారంగా మళ్ళీ 1400 అని వాదించాడు. కానీ కాలిన గింజలకు చేసిన కార్బన్ పరీక్ష క్రీస్తుపూర్వం పదహారో శతాబ్దాన్నే చూపించింది. నిండు జాడీల్లో ఆ గింజలు మాడిపోయి దొరికాయి. దోచుకోలేదు, తినలేదు. యెహోషువ గ్రంథంలో కూడా ఊరి సొమ్ము ముట్టవద్దని ఉంది. అది చదివినప్పుడు ఒళ్ళు జలదరిస్తుంది. కానీ కాలం కుదరదు. కుదరనిదాన్ని కుదిరిందని చెప్పడం ఒకసారి చేశాను, చాలు.

కందకం అడుగున ఒక రాతి బురుజు ఉంది. క్రీస్తుపూర్వం 8000 నాటిది, ఎనిమిదిన్నర మీటర్ల ఎత్తు, లోపల 22 మెట్లు. కుండలు చేయడం ఇంకా తెలియని మనుషులు కట్టారు. గోడల కోసం వచ్చిన మా వాళ్ళు దాన్ని చూడకుండానే ముందుకు వెళ్ళిపోయారు. నేను అక్కడే చాలాసేపు నిలబడ్డాను.

రోడ్డు దాటితే ఎలీషా ఊట. ఎలీషా ప్రవక్త ఉప్పు వేసి బాగుచేసిన నీళ్ళు అని రెండో రాజుల గ్రంథం చెప్తుంది. ఇప్పటికీ ఊరు ఈ నీళ్ళ మీదే పండుతోంది. తాగాం, తియ్యగా ఉన్నాయి. పక్కన బండి మీద మెడ్జూల్ ఖర్జూరాలు, అరకిలో ఇరవై షెకెళ్ళు. అమ్మేవాడు అమ్మను "హజ్జా" అని పిలిచి రెండు ఎక్కువ వేశాడు. పెద్దవాళ్ళను ఇక్కడ అలాగే పిలుస్తారట.

సాయంత్రం యొర్దాను. కృష్ణమ్మ ఒడ్డున పెరిగినవాళ్ళం. ఎదురుగా ఉన్నది మా ఊరి పంట కాలువంత ఉంది. నీళ్ళు బురద రంగు. అవతలి గట్టున జోర్డాన్ సైనికుడు కుర్చీలో కూర్చున్నాడు. పైన నీళ్ళన్నీ మళ్ళించేయడంతో నది ఇలా చిక్కిపోయింది. యెహోషువ దాటినప్పుడు నీళ్ళు పైన ఆదాము అనే ఊరి దగ్గర రాశిగా నిలిచాయని ఉంది. అది ఇక్కడికి ఉత్తరాన ఉన్న దామియా అంటారు. విచిత్రం ఏమిటంటే సరిగ్గా అదే చోట 1267 డిసెంబరులో గట్టు విరిగిపడి నది రాత్రికి రాత్రి ఆగిపోయింది. ఐగుప్తు సుల్తాన్ బైబర్స్ మనుషులు ఆ కొన్ని గంటల్లోనే అక్కడి వంతెన స్తంభాలు బాగుచేసుకున్నారని అరబ్ చరిత్రకారుడు నువైరీ రాసి పెట్టాడు. ఈ యాత్రలో నేను విన్నవాటిలో గ్రంథంలోని మాటకు బాగా దగ్గరగా వచ్చింది ఇదే. ఊరి పేరు కూడా తప్పలేదు.

నవంబర్ 15. గిబియోను, మ్యూజియం

పొద్దున్నే నబీ సమ్వీల్ కొండ ఎక్కితే గిబియోను కనిపించింది. సూర్యుడు ఆగిన చోటు. నాకు ఈ ప్రయాణంలో అన్నిటికంటే టెన్షన్ పెట్టిన చోటు కూడా. 1950లలో జేమ్స్ ప్రిచర్డ్ ఇక్కడ తవ్వితే ఊరి పేరు చెక్కిన జాడీ పిడులు దొరికాయి. అంటే ఊరు ఇదే, అందులో అనుమానం లేదు. సూర్యుడి సంగతికి ఆధారం ఆకాశంలో వెతకాలి. క్రీస్తుపూర్వం 1207 అక్టోబరు 30న ఇక్కడ కంకణ సూర్యగ్రహణం పట్టిందని లెక్కగట్టి, 2017లో హంఫ్రీస్, వాడింగ్టన్ ఒక వ్యాసం రాశారు. మనం "నిలువుము" అని చదివే హీబ్రూ మాటకు "వెలగడం మానుము" అనే అర్థం కూడా రావచ్చని వాళ్ళ వాదన. కైరోలో చూసిన రాయి 1208 ప్రాంతానిది, ఈ గ్రహణం 1207. ఆ రెండు అంకెలు నోటుబుక్కులో పక్కపక్కన రాసుకున్నాను. అందరూ ఒప్పుకున్న వాదన కాదు. కానీ ఇది ఎవరైనా మళ్ళీ లెక్కగట్టి చూసుకోగలిగిన మాట. నాసా కథ అలాంటిది కాదు.

సాయంత్రం ఇజ్రాయెల్ మ్యూజియం. లోపల అష్షూరు రాజు సన్హెరీబు మట్టి స్తంభం, ఆరు ముఖాల నిండా మేకుల్లాంటి అక్షరాలు. యూదాలో 46 కోట ఊళ్ళు పట్టుకున్నాననీ, యూదా రాజు హిజ్కియాను యెరూషలేములో పంజరంలో పక్షిలా మూసేశాననీ రాయించుకున్నాడు. తీసుకున్న కప్పం 30 తలాంతుల బంగారం. తలాంతు అంటే అప్పటి తూకం. బైబిలులో కూడా సరిగ్గా 30. శత్రువులిద్దరి పుస్తకాల్లో ఒకే లెక్క. అయితే యెరూషలేమును పట్టుకున్నానని మాత్రం అతను ఎక్కడా అనలేదు. దేవదూత వచ్చి, ఒక్క రాత్రిలో అతని సైనికులు 1,85,000 మంది చనిపోయారని బైబిలు చెప్తుంది. అష్షూరు రాజు దాని గురించి మౌనం. ఓడిన సంగతి ఏ రాజు రాయించుకుంటాడు? గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్ మాత్రం అదే సన్హెరీబు సైన్యానికి ఐగుప్తు సరిహద్దులో ఎలుకలు విల్లు తాళ్ళు కొరికేసిన కథ చెప్పాడు. ఏదో జరిగింది. ఏం జరిగిందో మట్టి చెప్పడం లేదు.

బయట తోటలో మా మాటలు విని ఒకావిడ చక్రాల కుర్చీ తోసుకుంటూ దగ్గరికొచ్చింది. "వందనాలండీ, మీదే ఊరు?" ఆవిడది రాజోలు దగ్గర. తొమ్మిదేళ్ళుగా ఇక్కడ పెద్దవాళ్ళను చూసుకునే పని. కుర్చీలో ఉన్న ముసలావిడకు మమ్మల్ని హీబ్రూలో పరిచయం చేసింది. "ఐగుప్తు నుంచి విడుదలైన పండగ, పస్కా రాత్రి ఈవిడ ఏమంటారో తెలుసా? మా తాతలు ఐగుప్తు నుంచి వచ్చారు అనరు. నేనే వచ్చాను అంటారు. ప్రతి ఒక్కరూ అలాగే అనుకోవాలట. మొదటి ఏడాది నాకు అర్థం కాలేదు" అంది. అమ్మ మిగిలిన ఆవకాయ సీసా మొత్తం ఆవిడ చేతిలో పెట్టేసింది.

నవంబర్ 16. సిలోయము

చివరి రోజు. హిజ్కియా సొరంగంలోకి అమ్మ దిగుతానంటే వద్దన్నాను. 68 ఏళ్ళు, లోపల చీకటి, 533 మీటర్లు నీళ్ళలో నడవాలి. "అంత దూరం వచ్చి గట్టున కూర్చోనా?" అంది. ఐదు షెకెళ్ళకు చిన్న టార్చి కొని ముందు నడిచింది.

సన్హెరీబు వస్తున్నాడని ఊట నీళ్ళను ఊళ్ళోకి, సిలోయము కోనేటికి మళ్ళించడానికి హిజ్కియా తవ్వించిన సొరంగం ఇది. రెండు జట్లు రెండు చివర్ల నుంచి తవ్వుకుంటూ వచ్చి మధ్యలో కలిశాయి. ఈ చివర నుంచి ఆ చివరకు వాలు ముప్పై సెంటీమీటర్లే. భుజాలు రెండు వైపులా రాతికి రాసుకున్నాయి. కొన్నిచోట్ల తల వంచాలి. సగం దాటాక దారి మెలికలు తిరుగుతుంది. అక్కడ ఉలి దెబ్బల వాలు మారిపోతుంది. అప్పటిదాకా మన ముందుకు ఉన్న గీతలు మనకు ఎదురుగా తిరుగుతాయి. అమ్మ ఒక చెయ్యి ఇటు గీతల మీద, ఒక చెయ్యి అటు గీతల మీద పెట్టి నిలబడింది.

బయటికొచ్చే చోట గోడ మీద పనివాళ్ళు చెక్కిన రాత 1880లో దొరికింది. అసలు రాయి ఇస్తాంబుల్‌లో ఉంది, ఇక్కడ నకలు పెట్టారు. ఇంకా మూడు మూరలు మిగిలి ఉండగా రాతిలోంచి అవతలివాళ్ళు పిలిచే గొంతు వినిపించిందని అందులో ఉంది. గడ్డపారకు గడ్డపార తగిలిందని, నీళ్ళు 1200 మూరలు పారాయని ఉంది. రాజు పేరు లేదు. దేవుడి పేరూ లేదు. 2003లో గోడ గారలో చిక్కుకున్న మొక్కల పోగులను పరీక్షిస్తే క్రీస్తుపూర్వం 700 ప్రాంతమని తేలింది. గ్రంథం చెప్పిన కాలం సరిగ్గా కుదిరింది. దేవదూత వచ్చిన రాత్రికి ఏ ఆధారమూ లేదు. ఆ రాత్రికి ముందు భయంతో తవ్విన మనుషుల చేతులు మాత్రం ఇప్పటికీ తడిమి చూడొచ్చు.

తెనాలి వచ్చిన మర్నాడు హైదరాబాదులో ఉన్న ఆ అబ్బాయికి మెసేజ్ పెట్టాను. నాసా కథకు క్షమించమన్నాను. నల్లరాయి, యెరికో గింజలు, దామియా, సొరంగం, అన్నీ ఉన్నది ఉన్నట్టు రాశాను. ఏది దొరికిందో, ఏది దొరకలేదో కూడా. రెండు రోజులు జవాబు లేదు. మూడో రోజు రాత్రి వచ్చింది.

"లోపల నీళ్ళు ఎంత లోతున్నాయి టీచర్?"

"మొదట్లో తొడల దాకా, తర్వాత మోకాళ్ళ కిందికి" అని రాశాను. "చల్లగా ఉన్నాయి. అమ్మ కూడా దిగింది."

"మామ్మగారా! ఫోటో పెట్టండి" అన్నాడు.